వకాల్తా మీద ఎవరి సంతకం?

(జిల్లా, మండల విలేకరుల శిక్షణ తరగతుల్లో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న మిత్రులందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకు ఇచ్చిన విషయం "పత్రికా స్వేచ్ఛ, న్యాయస్థానాలు". ఆ పేరు వినగానే రాజ్యాంగంలో వాక్ స్వేచ్ఛను ఇచ్చే 19వ అధికరణంతో మొదలుపెట్టి, సుప్రీంకోర్టు తీర్పులను ఒక్కొక్కటిగా వల్లించి, చప్పట్ల మధ్య కూర్చోవాలనిపిస్తుంది. కొన్ని తీర్పులు చెప్పక తప్పదు, చెబుతాను. కానీ ముప్పై అయిదేళ్లుగా పత్రికల తరఫున, విలేకరుల తరఫున కేసులు నడిపినవాడిగా నా కాలంలో ఎక్కువ భాగం గడిచింది ఢిల్లీలోనూ కాదు, హైకోర్టులోనూ కాదు. మేజిస్ట్రేటు కోర్టుల వరండాల్లో, బెంచి క్లర్కు పిలుపు కోసం ఎదురుచూస్తూ గడిచింది. అక్కడ నేను చూసింది మీకు ఎక్కువ పనికొస్తుందని అనుకుంటున్నాను.

1989లో నేను హైదరాబాదులో ఎన్‌రోల్ అయ్యాను. నా సీనియరుకు ఒక దినపత్రిక కక్షిదారు. నాకు అప్పగించిన మొదటి పని వినడానికి గొప్పగా ఉండదు. ఒక చిన్న పట్టణంలోని కోర్టుకు బస్సులో వెళ్లి, సంపాదకుడి తరఫున ఆబ్సెంట్ పిటిషను, అంటే ఈ వాయిదాకు రాలేకపోతున్నారన్న దరఖాస్తు, దాఖలు చేసి, వాయిదా తేదీ రాసుకుని రావాలి. పరువునష్టం కేసు. ఫిర్యాది రైసుమిల్లు యజమాని. రేషన్ బియ్యం మిల్లుకు చేరుతున్నాయని జిల్లా పేజీలో వచ్చిన వార్త మీద ఆయన ప్రైవేటు ఫిర్యాదు వేశారు. మొదటి ముద్దాయి సంపాదకుడు, రెండో ముద్దాయి ప్రింటరు, పబ్లిషరు, మూడో ముద్దాయి ఆ వార్త పంపిన స్థానిక కంట్రిబ్యూటరు. మొదటి ఇద్దరూ దూరాన ఉన్నవారు, బాధ్యత గల పదవుల్లో ఉన్నవారు కాబట్టి వారికి అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 205వ సెక్షను కింద హాజరు మినహాయింపు తేలికగానే దొరికింది. మూడో ముద్దాయికి కూడా అదే అడిగాను. మేజిస్ట్రేటు గారు ఫైలు మీదినుంచి తల ఎత్తకుండానే, "ఆయన ఊళ్లోనే ఉన్నారు కదండీ, రావడానికి ఇబ్బంది ఏమిటి?" అన్నారు.

ఆ ప్రశ్నకు చట్టంలో సమాధానం ఉంది. ఆ రోజు నాకు తోచలేదు. ఆ మూడో ముద్దాయి ఆ ఊళ్లో ఎస్టీడీ బూత్ నడుపుకుంటూ, లైన్ అకౌంట్ మీద వార్తలు పంపేవారు. అంటే అచ్చయిన వార్తల కొలతను బట్టి నెలకు ఎంతో కొంత డబ్బు వచ్చేది, జీతం కాదు. వాయిదా ఉన్న రోజు బూత్ మూసేవారు. నాలుగేళ్లకు పైగా నడిచిన ఆ కేసులో ఆయన ముప్పై సార్లకు తక్కువ కాకుండా కోర్టుకు వచ్చారు. ఒకసారి జ్వరంతో రాలేకపోతే వారంటు జారీ అయింది. దాన్ని రీకాల్ చేయించడానికి మరో రోజు పోయింది. చివరికి ఫిర్యాదికే విసుగు పుట్టి రావడం మానేశారు. సమన్ల కేసులో ఫిర్యాది గైర్హాజరైతే ముద్దాయిని విడుదల చేయవచ్చు కాబట్టి 256వ సెక్షను కింద ముగ్గురూ నిర్దోషులయ్యారు. మరునాడు పత్రికలో "మా సంపాదకుడు నిర్దోషి" అన్న వార్త వచ్చింది. వార్త నిజమా కాదా అన్న విచారణ మాత్రం ఒక్క రోజు కూడా జరగలేదు. మూడో ముద్దాయి పేరు ఆ వార్తలో లేదు. పేరు వేస్తే బాగుండేదని నేను నా సీనియరుతో అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

పెద్ద తీర్పులు ఎక్కడ పుట్టాయో, అవి ఎంత దూరం దిగివచ్చాయో ఆ మూడో ముద్దాయి నిలబడిన చోటునుంచే చూడాలని నాకు తరవాత తరవాత అర్థమైంది.

స్వతంత్ర భారతంలో పత్రికా స్వేచ్ఛ మీద మొదటి పెద్ద తీర్పులు 1950 మే నెలలో వచ్చాయి. అందులో ఒకటి మన గడ్డకు సంబంధించినదే. బొంబాయిలో రొమేశ్ థాపర్ నడిపే "క్రాస్‌రోడ్స్" వారపత్రిక తన పరిధిలోకి రాకుండా మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ ఆ రాష్ట్రంలోవే. ప్రజాభద్రత, శాంతిభద్రతలు అనే విశాలమైన పేరు చెప్పి పత్రికను ఆపడానికి రాజ్యాంగం ఒప్పుకోదని సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. పత్రికను అచ్చువేసుకునే హక్కు ఉండి, పంపిణీ చేసుకునే హక్కు లేకపోతే అచ్చువేసి లాభం లేదని తేల్చింది. మరుసటి ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి, శాంతిభద్రతలు అన్న మాటను, ఆ స్వేచ్ఛ మీద ఆంక్షలకు వీలిచ్చే 19(2)లో చేర్చింది. ఆంక్షలు అన్న మాటకు ముందు "సహేతుకమైన" అన్న విశేషణాన్ని కూడా చేర్చింది. మా వృత్తిలో ఉన్నవారందరికీ డెబ్బై ఏళ్లుగా అన్నం పెడుతున్నది ఆ ఒక్క విశేషణమే అంటే అతిశయోక్తి కాదు.

ఆ తరవాత శాసనసభల హక్కుల తగాదా వచ్చింది. పాట్నాలోని "సెర్చ్‌లైట్" పత్రిక, బీహారు శాసనసభలో జరిగిన ఒక ప్రసంగాన్ని స్పీకరు రికార్డులనుంచి తొలగించమన్న భాగాలతో సహా ప్రచురించింది. సంపాదకుడు ఎం.ఎస్.ఎం. శర్మ మీద సభాహక్కుల ఉల్లంఘన చర్య మొదలైంది. 1958లో సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఎక్కువమంది సభాహక్కుల వైపే మొగ్గారు. అయిదుగురిలో ఒక్కరు, మన కోకా సుబ్బారావు గారు, పౌరుడి వాక్ స్వేచ్ఛకు సభాహక్కు లొంగాలని భిన్నమైన తీర్పు రాశారు. ఓడిపోయిన తీర్పును ఎందుకు చదవాలని జూనియర్లు నన్ను అడుగుతుంటారు. వాదన ఎలా కట్టాలో నేర్చుకోవడానికి చదవమంటాను.

పాతికేళ్లు గడిచాక అదే ప్రశ్న మన ముంగిట్లోకి వచ్చింది. 1983లో శాసనమండలిలో జరిగిన రభసను "ఈనాడు" పత్రిక "పెద్దల గలభా" అన్న శీర్షికతో ప్రచురించింది. వార్త అబద్ధమని ఎవరూ గట్టిగా అనలేదు. తగాదా అంతా శీర్షికలోని ఆ రెండు మాటల మీదే. పెద్దలు అంటూనే గలభా అనడంలోని ఎత్తిపొడుపు మండలికి తగిలింది. 1984లో సంపాదకుడు రామోజీరావు గారిని సభ ముందుకు రప్పించాలన్న పట్టుదల అరెస్టు దాకా వెళ్లింది. సుప్రీంకోర్టు ఆ అరెస్టును ఆపింది. సభాధ్యక్ష స్థానానికీ న్యాయస్థానానికీ మధ్య పెద్ద సంఘర్షణే రేగింది. ఎవరిది పైచేయి అన్న ప్రశ్న తేలకముందే 1985లో మండలే రద్దయింది. నేను అప్పుడు విద్యార్థిని. ఒక శీర్షికలోని ఒక నామవాచకం కోసం రాజ్యాంగ వ్యవస్థలు రెండు ఎదురెదురుగా నిలబడటం చూసి నేను ఈ వృత్తిలోకి వచ్చానని చెప్పుకోవడం నాకు ఇష్టం. నిజానికి మా సీనియరు ఆఫీసులో అప్పుడు ఖాళీగా ఉన్న కుర్చీ అది ఒక్కటే.

వేదికల మీద అందరూ చెప్పే తీర్పు, నాకు కూడా అన్నింటికంటే ఇష్టమైన తీర్పు, 1994 నాటి రాజగోపాల్ కేసు. మద్రాసులో హత్యకేసుల్లో ఉరిశిక్ష పడిన ఆటో శంకర్ జైల్లో ఆత్మకథ రాశాడు. అందులో పోలీసు, జైలు అధికారులతో తనకున్న సంబంధాల ప్రస్తావన ఉంది. "నక్కీరన్" పత్రిక దాన్ని ప్రచురిస్తామని ప్రకటించగానే జైళ్ల శాఖ ఉన్నతాధికారి, అది కల్పితమని, వేస్తే చర్య తీసుకుంటామని లేఖ రాశారు. ఉస్మానియాలో చదివి, మన హైకోర్టులో వకీలుగా, న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారు ఆ తీర్పు రాశారు. పరువు పోతుందన్న భయంతో అధికారులు ముందుగానే ప్రచురణను ఆపలేరన్నారు. బహిరంగ రికార్డుల్లో ఉన్నదాన్ని రాయడం గోప్యతకు భంగం కాదన్నారు. అధికారి తన విధి నిర్వహణ గురించి వచ్చిన వార్త మీద నష్టపరిహారం అడగాలంటే, అందులో తప్పు దొర్లిందని చూపిస్తే చాలదు, నిజానిజాలు చూసుకోవాలన్న పట్టింపే లేకుండా రాశారని నిరూపించాలన్నారు.

ఈ చివరి సూత్రం వెనుక 1964 నాటి అమెరికా తీర్పు ఉంది. అలబామాలోని మాంట్‌గొమరీ నగర కమిషనరు సలివాన్, న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన ఒక పూర్తి పేజీ ప్రకటన మీద దావా వేస్తే అక్కడి జ్యూరీ అయిదు లక్షల డాలర్లు ఇప్పించింది. ప్రకటనలో ఆయన పేరు లేదు. తప్పులు మాత్రం ఉన్నాయి. మార్టిన్ లూథర్ కింగ్‌ను నాలుగుసార్లు అరెస్టు చేస్తే ఏడుసార్లని రాశారు, విద్యార్థులు ఒక పాట పాడితే మరో పాట పాడారని రాశారు. పత్రిక ఆ తప్పుల్ని ఒప్పుకుంది. ఒప్పుకున్నాకే కేసు గెలిచింది. ఈ సంగతి విలేకరులకు చెప్పినప్పుడల్లా వారి ముఖాల్లో ఒక ఊరట కనిపిస్తుంది. తొందరపడకండి, చెప్పవలసింది ఇంకా ఉంది.

రాజగోపాల్ తీర్పు సివిల్ దావాలకు సంబంధించినది. మన మూడో ముద్దాయి నిలబడింది క్రిమినల్ కోర్టులో. పరువునష్టాన్ని నేరంగా చూసే పాత శిక్షాస్మృతి 499, 500 సెక్షన్లు రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2016లో సుబ్రమణియన్ స్వామి కేసులో చెప్పేసింది. 2024 జులై నుంచి అవే భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షనుగా ఉన్నాయి. రెండేళ్ల దాకా సాధారణ జైలు అలాగే ఉంది, సమాజసేవ అన్న కొత్త శిక్ష చేరింది. సివిల్ దావాలో వార్త నిజమైతే చాలు. క్రిమినల్ కేసులో, ఆ సెక్షనుకే ఉన్న మినహాయింపుల్లో మొదటిదాని ప్రకారం నిజం కావాలి, దాన్ని ప్రచురించడం ప్రజాహితం కూడా కావాలి. ఆ రెండూ చూపించవలసింది ముద్దాయే, అదీ సాక్ష్యాల దశ వచ్చాక. ఆ దశ వచ్చేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

మీకు లీగల్ నోటీసులు వస్తుంటాయి. వంద కోట్లు ఇవ్వమని రాసి ఉంటే కాళ్లు వణుకుతాయి. నోటీసులో వంద కోట్లు అడగడానికి అయ్యే ఖర్చు పోస్టు ఖర్చే. నిజంగా దావా వేస్తే అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, అందుకే వంద కోట్ల నోటీసుల్లో చాలావరకు దావా దాకా రావు. క్రిమినల్ ఫిర్యాదుకు అలాంటి ఖర్చు లేదు. బలవంతులకు అది చౌక, విలేకరికి అది ఖరీదు. సిరిసంపదలున్నవారు సివిల్ కోర్టుకు వెళతారని, లేనివారు క్రిమినల్ కోర్టుకు వెళతారని ఎవరైనా అనుకుంటే, నా ఫైళ్లు చూపిస్తాను.

ఇక మీ చేతుల్లో ఉన్న రక్షణ గురించి. తొమ్మిదో మినహాయింపు సద్భావంతో, ప్రజాహితం కోసం చేసిన ఆరోపణను కాపాడుతుంది. సద్భావం అంటే మంచి మనసు అని చాలామంది అనుకుంటారు. చట్టం మనసును చూడదు. తగిన శ్రద్ధ, జాగ్రత్త లేకుండా చేసింది ఏదీ సద్భావంతో చేసినట్టు కాదని పాత శిక్షాస్మృతి 52వ సెక్షను నిర్వచించింది, కొత్త చట్టంలోనూ నిర్వచనం అదే. శ్రద్ధకు రుజువు కావాలి. అవతలి మనిషికి ఎన్ని గంటలకు ఫోన్ చేశారు, ఆయన ఏమన్నారు, ఎత్తకపోతే ఎన్నిసార్లు చేశారు, ఏ కాగితం ఎవరి దగ్గర చూశారు, నకలు ఉందా. ఇవి నోటుబుక్కులో తేదీతో ఉంటే అదే మీ సాక్షి. ఇలాంటి నేరానికి ఫిర్యాదు వేయడానికి మూడేళ్ల గడువు ఉంది కాబట్టి నోటుబుక్కును కనీసం మూడేళ్లు దాచండి. నేను చూసిన విలేకరుల్లో ఎక్కువమంది నోటుబుక్కులను ఇంట్లోవాళ్లు పాత పేపర్లతో పాటు కిలోల లెక్కన అమ్మేశారు.

వార్త అచ్చుకు వెళ్లకముందు చదివి పెట్టడం నా పనిలో ఎవరికీ కనిపించని సగం. రాత్రి పదిన్నరకు డెస్కునుంచి ఫోన్ వస్తుంది. పదకొండుంబావుకు పేజీ వెళ్లిపోవాలి. ఆ ముప్పావుగంటలో నేను అడిగే ప్రశ్నలు ప్రతిసారీ అవే. ఈ వాక్యానికి ఆధారం ఏమిటి? "ఆరోపణలు వస్తున్నాయి" అన్నారు, ఎవరు ఆరోపించారు? "బినామీ" అన్న మాట విలేకరిదా, ఏదైనా నివేదికలోదా? కొత్తగా వచ్చిన సబ్ ఎడిటర్లకు ఒక నమ్మకం ఉంటుంది, "అని తెలిసింది" అని చేరిస్తే వాక్యం భద్రమని. కాదు. ఇతరులు చెప్పిన అపవాదును మీరు అచ్చేస్తే అది మీ అపవాదే. "విశ్వసనీయ వర్గాల సమాచారం" అన్నది సాక్షి బోనులోకి ఎక్కదు.

1971లో పెంటగాన్ పత్రాల సంగతి మీరు వినే ఉంటారు. వియత్నాం యుద్ధం మీద అమెరికా రక్షణ శాఖ రహస్య అధ్యయనాన్ని న్యూయార్క్ టైమ్స్ ప్రచురించింది, ప్రభుత్వం ఆపించబోయింది, పదిహేడు రోజుల్లో సుప్రీంకోర్టు ఆరుగురు, ముగ్గురు తేడాతో పత్రిక వైపు నిలబడింది. అందరికీ ఆ తీర్పు గుర్తు. అంతకుముందు పత్రిక ఆఫీసులో జరిగింది నాకు గుర్తు. ఏళ్లుగా ఆ పత్రికకు సలహాలిస్తున్న బయటి న్యాయవాదుల సంస్థ ప్రచురించవద్దని చెప్పి, కేసు వాదించడానికి కూడా నిరాకరించింది. పత్రిక సొంత న్యాయవాది జేమ్స్ గుడేల్ ప్రచురించవచ్చని గట్టిగా నిలబడ్డారు. రాత్రికి రాత్రి అలెగ్జాండర్ బికెల్, ఫ్లాయిడ్ అబ్రామ్స్ అనే ఇద్దరిని వెతికి కోర్టుకు పంపవలసి వచ్చింది. వద్దనడం లాయరుకు ఎప్పుడూ సులువు. వద్దన్న లాయరు మీద ఎవరూ దావా వేయరు.

నేను కూడా వద్దన్నాను, చాలాసార్లు. ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లుల మీద వచ్చిన కథనాన్ని, ఒక్క పత్రం నకలు దొరకలేదన్న కారణంతో, మూడు రాత్రులు ఆపించాను. నాలుగో రోజున అదే కథ మరో పత్రికలో వచ్చింది, వారి మీద ఏ కేసూ పడలేదు. దానికి పూర్తిగా ఎదురుగా, నేను సరేనన్న ఒక వార్తలో నిందితుడి పేరు, తండ్రి పేరు లేకుండా వెళ్లింది. ఆ ఊళ్లో అదే పేరుతో ఒక బడిపంతులు ఉన్నారు. ఆయన ఫోన్ చేసి ఏడ్చారు. మరునాడు మొదటి పేజీలో సవరణ వేయించాను, ఆయన కేసు పెట్టలేదు. పెట్టి ఉంటే మా దగ్గర వాదించడానికి ఏమీ లేదు.

వేయవద్దని నేను ఇప్పటికీ ఏ సంకోచమూ లేకుండా చెప్పేది ఒకటుంది, లైంగిక దాడికి గురైనవారి పేరు, ఫోటో, గుర్తుపట్టించే వివరం. చట్టం దాన్ని నేరమంది, చనిపోయినవారి విషయంలోనూ అంతే. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో జరిగిన ఘటనలో పోలీసులు "దిశ" అన్న పేరు పెట్టేసరికే మనవాళ్లు అసలు పేరును, ఫోటోను ఊరూరా చేర్చేశారు. ఆ వారంలో నేను ఏ పత్రిక తరఫునా మాట్లాడే స్థితిలో లేను.

ఇప్పుడు ఈ ప్రసంగానికి పెట్టుకున్న ప్రశ్నకు వస్తాను. వకాల్తా మీద ఎవరి సంతకం?

వకాల్తా అంటే తన తరఫున వాదించమని కక్షిదారు లాయరుకు సంతకం పెట్టి ఇచ్చే పత్రం. యాజమాన్యం నాకు ఫీజు ఇస్తుంది. కేసులో ముద్దాయిలు ముగ్గురు ఉంటారు. ముగ్గురి వకాల్తాలూ నా దగ్గరే ఉంటాయి. ముగ్గురి ప్రయోజనం ఒకటే అయినంతకాలం ఏ ఇబ్బందీ లేదు. కానీ సంపాదకుడు "ఆ వార్త నేను చూడలేదు, జిల్లా పేజీ అక్కడి డెస్కే చూసుకుంటుంది" అన్నారంటే, ఆ వాదన ఆయనకు లాభం, మూడో ముద్దాయికి ఉరి. పత్రిక మీద అచ్చయిన సంపాదకుడి పేరును బట్టి ఆయనే బాధ్యుడని 1867 నాటి చట్టం ఊహించుకునేది. ఆ ఊహను తప్పించడానికి రాసిన అఫిడవిట్లలో కొన్ని నా చేతి రాతే.

పదిహేనేళ్ల కిందటి మాట. ఇసుక రవాణా మీద రాసిన ఒక కంట్రిబ్యూటరు మీద, పత్రిక మీద కేసు పడింది. వార్త నిజం. ఆయన తెచ్చిన వేబిల్లులు నేనే చూశాను. కేసు గెలవగలమని యాజమాన్యానికి చెప్పాను. ఈలోగా ఫిర్యాదికీ యాజమాన్యానికీ మధ్య, నాకు తెలియని చోట, రాజీ కుదిరింది. క్షమాపణ ముసాయిదా రాయమన్నారు. రాశాను. "సదరు వార్త మా స్థానిక ప్రతినిధి పంపిన అసమగ్ర సమాచారం ఆధారంగా ప్రచురితమైంది" అన్న వాక్యం నాదే. ఆ వాక్యం అచ్చయిన వారానికి ఆయన్ను తీసేశారు. అదే వాక్యాన్ని పట్టుకుని ఫిర్యాది ఆయన ఒక్కడి మీద కేసు కొనసాగించారు. ఆయన నా దగ్గరికి వస్తే, యాజమాన్యం నా కక్షిదారు కాబట్టి మీ వకాల్తా తీసుకోలేనని చెప్పవలసి వచ్చింది. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం అది సరైన జవాబే. ఆయన కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. తరవాత నా జూనియరు ఒకరు బయటకు వెళ్లి సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్నాక ఆ కేసు తీసుకుని హైకోర్టులో కొట్టివేయించారు. ఫీజు ఎవరిచ్చారని నన్ను అడగకండి.

అప్పటినుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. విలేకరి వకాల్తా తీసుకునేముందు, రాజీ చేసుకుంటే అందులో ఆయన పేరూ ఉండాలని, ఆయన మీద తప్పు తోయబోమని యాజమాన్యం నుంచి లేఖ తీసుకుంటాను. ఇవ్వనంటే వేరే వకీలును పెట్టమంటాను. దీనివల్ల రెండు సంస్థలు నన్ను వదులుకున్నాయి.

ప్రభుత్వమే ఫిర్యాది అయితే సంగతి వేరు. అధికార పదవుల్లో ఉన్నవారి తరఫున పబ్లిక్ ప్రాసిక్యూటరు నేరుగా సెషన్స్ కోర్టులో పరువునష్టం ఫిర్యాదు వేయవచ్చు. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2430 నంబరు జీవో ద్వారా, నిరాధార వార్తల మీద అలాంటి ఫిర్యాదులు వేసే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. 2007లో వేరే ప్రభుత్వ కాలంలోనూ ఇలాంటి జీవో ఒకటి వచ్చింది, కాబట్టి దీన్ని ఒక్క పార్టీ అలవాటని అనుకోనక్కరలేదు. తమిళనాడులో ఇలా పడిన కేసులను 2020 మేలో మద్రాసు హైకోర్టు పాత్రికేయుడు ఎన్. రామ్ తదితరుల పిటిషన్ల మీద కొట్టేస్తూ, పదవిలో ఉన్న వ్యక్తి పరువు వేరని, రాజ్యం పరువు వేరని, ప్రాసిక్యూటరు తన బుద్ధితో పరిశీలించకుండా సంతకం పెట్టకూడదని చెప్పింది. ఆ తీర్పు నకలు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది.

2021 మేలో ఏబీఎన్ ఆంధ్రజ్యోతి, టీవీ5 చానళ్ల మీద రాజద్రోహం సెక్షనుతో కేసు పెడితే, సుప్రీంకోర్టు బలవంతపు చర్యలు వద్దంది. ఆ సెక్షను హద్దులు, ముఖ్యంగా పత్రికల విషయంలో, తేల్చవలసిన సమయం వచ్చిందంది. ఏడాది తిరక్కుండా 2022 మే 11న జస్టిస్ ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం ఆ రాజద్రోహం సెక్షను 124ఎనే పక్కన పెట్టింది. బెజవాడలో "స్వరాజ్య" పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1908లో జైలుకు వెళ్లింది ఆ సెక్షను కిందే. కొత్త సంహితలో ఆ పేరు లేదు, 152వ సెక్షను ఉంది. దాన్ని చదివినవారికి పాత చుట్టం కొత్త చొక్కా వేసుకుని వచ్చినట్టే అనిపిస్తుంది.

అరెస్టు విషయంలో ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఉత్తరప్రదేశ్‌లోని హాథ్రస్‌కు వెళుతూ 2020 అక్టోబరులో అరెస్టయిన కేరళ విలేకరి సిద్దిఖ్ కప్పన్‌కు సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది 2022 సెప్టెంబరులో, ఆయన బయటికి వచ్చింది 2023 ఫిబ్రవరిలో. న్యూస్‌క్లిక్ అనే వార్తా వెబ్‌సైటు సంపాదకుడు ప్రబీర్ పుర్కాయస్థ అరెస్టునే సుప్రీంకోర్టు 2024 మేలో చెల్లదంది, ఎందుకు అరెస్టు చేస్తున్నారో లిఖితపూర్వకంగా ఇవ్వలేదన్న కారణంతో. కాబట్టి మీ సహచరుణ్ని తీసుకువెళితే, మీరు స్టేషను ముందు నినాదాలు చేసేలోపల ఆ కాగితం ఇచ్చారా లేదా అని అడగండి, ఎన్ని గంటలకు ఇచ్చారో రాసుకోండి.

ఫోన్ అడిగితే ఏం చేయాలని పొద్దున ఒకరు అడిగారు. సమాచారం ఇచ్చినవారి పేరు దాచే హక్కు విలేకరికి మన దేశంలో ఏ చట్టమూ పూర్తిగా ఇవ్వలేదు. ప్రెస్ కౌన్సిల్ చట్టం 15వ సెక్షను ఆ రక్షణను కౌన్సిల్ ముందు మాత్రమే ఇస్తుంది. సాక్ష్య చట్టంలో చేర్చమని లా కమిషన్ తన 93వ నివేదికలో 1983లోనే సిఫారసు చేసింది, అది అక్కడే ఉంది. కాబట్టి ఫోన్ ఇవ్వవలసి వస్తే జప్తు పంచనామా నకలు, అందులో ఫోన్ గుర్తింపు సంఖ్య, లోపలి సమాచారం మార్చితే తెలిసిపోయే హ్యాష్ విలువ అడగండి. ఇవ్వకపోతే ఇవ్వలేదని రాసి సంతకం పెట్టండి. మీకు సమాచారం ఇచ్చిన గుమస్తా పేరు అసలు ఫోన్లో ఉండకపోవడం ఇంతకంటే మేలు.

చివరిగా, కొత్త ప్రొసీజర్ చట్టంలో విలేకరికి ఉపయోగపడేది ఒకటి వచ్చింది. నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షను ప్రకారం ప్రైవేటు ఫిర్యాదును విచారణకు స్వీకరించేముందే ముద్దాయికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పూర్వం సమన్లు వచ్చేదాకా మనకు కేసు ఉన్నట్టే తెలిసేది కాదు. ఇప్పుడు ముందుగా నోటీసు వస్తుంది. దాన్ని "ఇంకా కేసు కాలేదు కదా" అని పక్కన పెట్టేవారు చాలామంది. అది పెద్ద పొరపాటు. సద్భావం, ప్రజాహితం గురించి నోటుబుక్కులో ఉన్నదంతా మేజిస్ట్రేటు ముందు పెట్టి ముప్పై వాయిదాలను తప్పించుకోగల అవకాశం ఆ ఒక్క రోజే.

టీ విరామంలో ముగ్గురు నా దగ్గరికి వచ్చి జేబుల్లోంచి నోటీసులు తీసి చూపించారు. నిలబడి చదివే కాగితాలు కావవి. భోజనం తరవాత పక్క గదిలో కూర్చుంటాను, వార్త వచ్చిన పేజీ, నోటీసు, మీ నోటుబుక్కు తీసుకురండి. నోటీసు వచ్చిన కవరు కూడా తెండి. దాన్ని అందరూ చించి పారేస్తారు, దాని మీద పోస్టాఫీసు తేదీ ముద్ర ఉంటుంది.